ర్యూయిచి సకమొతో: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ జపాన్ సంగీతకారుడి గురించి ఎవరికైనా చెప్పబోతే ఎదురయ్యే ప్రశ్నలు దాదాపు ఇవే. కొన్నిటికి ఒక్క ముక్కలో జవాబు సరిపోతుంది. కొన్నిటి దగ్గర ఆగక తప్పలేదు.

ఎవరీయన? పేరెలా పలకాలి?

సకమొతో. చివర 'టో' కాదు, 'తో'. ఇంగ్లిష్ స్పెల్లింగ్ మీదుగా రావడంతో మన దగ్గర 'సకమోటో' అయిపోయాడు. ఆ లెక్కన టోక్యో కూడా తోక్యోనే గాని, అంత దూరం పోవద్దులెండి.

1952 జనవరి 17న టోక్యోలో పుట్టాడు. 2023 మార్చి 28న, 71 ఏళ్ళ వయసులో క్యాన్సర్‌తో పోయాడు. ఈ మధ్యలో ఒక బ్యాండ్‌తో జపాన్‌ని ఊపేశాడు, డేవిడ్ బోవీతో కలిసి నటించాడు, ఆస్కార్ తెచ్చుకున్నాడు, 1992 బార్సిలోనా ఒలింపిక్స్ ప్రారంభోత్సవానికి సంగీతం రాశాడు. సెగా డ్రీమ్‌కాస్ట్ అనే వీడియో గేమ్ యంత్రం ఆన్ చేస్తే వచ్చే ఆ చిన్న మోత కూడా ఈయనదే. అరవై దాటాక, వాన చప్పుడు లోపలినుంచి ఎలా ఉంటుందో విందామని తలమీద బకెట్ బోర్లించుకుని వర్షంలో నిలబడ్డాడు. ఆయన మీద 2017లో వచ్చిన 'కోడా' అనే డాక్యుమెంటరీలో ఆ దృశ్యం ఉంది. సకమొతోని ఒక్క బొమ్మలో చూపించమంటే నేను ఆస్కార్ ఫొటో చూపించను, ఆ బకెట్టే చూపిస్తాను.

సినిమా సంగీత దర్శకుడా, ప్రయోగాల మనిషా?

సినిమాలన్నీ ఒక గంపలో, గీమని మోగే ఎలక్ట్రానిక్ ఆల్బమ్‌లన్నీ ఇంకో గంపలో వేసి, ఇందులో అసలు సకమొతో ఎవరని అడుగుతుంటారు. నా లెక్కలో గంప ఒక్కటే. దర్శకుడు వద్దన్న సినిమా ట్యూన్ ఒక ఆల్బమ్‌కి పేరుపాట అయింది. ఆల్బమ్‌లలో పదేళ్ళు నానబెట్టిన శబ్దం ఒక సినిమాకి ప్రాణం పోసింది. ఈ రెండు కథలూ కింద వస్తాయి.

సినిమా అంటే ఆయనకి ఇంకొకరి గడియారం ప్రకారం పనిచేయడం. ఆ ఇరుకులోంచే మంచి పని చాలా వచ్చింది. ఎవరూ తరమనప్పుడు చేసినవి కొన్ని, నిజం చెప్పాలంటే, నాకు సాగదీసినట్టు ఉంటాయి. 80ల చివర, 90ల మొదట్లో లోకంలోని గాయకులందరినీ పోగేసి చేసిన పాటల ఆల్బమ్‌లు ఆ కోవలోవే. అభిమానులు ఒప్పుకోరు, తెలుసు.

సంగీతం ఎక్కడ నేర్చుకున్నాడు?

తండ్రి కజుకి సకమొతో సాహిత్య సంపాదకుడు. యుకియో మిషిమా లాంటి రచయితల పుస్తకాలు ఆయన చేతిమీదుగా వచ్చాయి. తల్లి టోపీలు డిజైన్ చేసేది. కొడుక్కి చిన్నప్పుడే పియానో, బడి వయసులోనే కంపోజిషన్ పాఠాలు. అలా ఉండగా టీనేజీ మొదట్లో ఫ్రెంచ్ స్వరకర్త క్లాడ్ డెబ్యుసీ నాలుగు తంత్రీవాద్యాలకి రాసిన స్ట్రింగ్ క్వార్టెట్ చేతికి చిక్కింది. ఇక తను డెబ్యుసీ మళ్ళీ ఎత్తిన జన్మేనని నమ్మేశాడు. నోటుపుస్తకం నిండా డెబ్యుసీ సంతకం ప్రాక్టీసు చేశాడు. ఈ సంగతి పెద్దయ్యాక ఆయనే నవ్వుతూ చెప్పుకున్నాడు.

ఆ పిచ్చిలో ఒక తిరకాసు ఉంది. డెబ్యుసీ 1889 పారిస్ ప్రదర్శనలో జావా గమెలాన్, అంటే కంచు గంటలూ పళ్ళేలూ మోగించే వాద్యబృందం, విని తలకిందులైనవాడు. అంటే ఆసియా శబ్దం పారిస్ వెళ్ళి, అక్కడ వేషం మార్చుకుని, టోక్యో పిల్లాడి దగ్గరికి తిరిగొచ్చింది. ఈ చక్రం సకమొతోకి బాగా ఇష్టం.

1970లో టోక్యో కళల విశ్వవిద్యాలయంలో కంపోజిషన్ విభాగంలో చేరి, అక్కడే ఎమ్మే దాకా చదివాడు. క్లాసులకంటే సమ్మెలకి, ఊరేగింపులకి ఎక్కువ వెళ్ళే రోజులవి. అయినా రెండు విషయాలు ఆయన్ని కట్టిపడేశాయి. ఒకటి, యూనివర్సిటీలో ఉన్న తొలితరం సింథసైజర్లు. రెండోది ఫుమియో కొయిజుమి అనే ఆచార్యుడు లోకంలోని జానపద, సంప్రదాయ సంగీతాల మీద చెప్పిన పాఠాలు. ఈ కొయిజుమి 1950ల చివర్లో మద్రాసులోనూ లక్నోలోనూ ఉండి మన సంగీతం నేర్చుకుని వెళ్ళినవాడు. మద్రాసులో కర్ణాటక సంగీతం నేర్చుకుంటూ త్యాగయ్య తెలుగు చెవిన పడకుండా తప్పించుకోవడం ఎవరివల్లా కాదు కాబట్టి, సకమొతోకీ మనకీ ఆ మాత్రం చుట్టరికం ఉందని సరదాగా అనుకోవచ్చు.

ఆ రోజుల్లోనే ఇంకో ముచ్చట. తోరు తకెమిత్సు అప్పటికే జపాన్‌లో పెద్ద స్వరకర్త, సినిమాలకి కూడా రాసేవాడు. ఆయన కచేరీ బయట నిలబడి సకమొతో ఆయన్నే తిడుతూ కరపత్రాలు పంచాడు. సంప్రదాయ జపాన్ వాయిద్యాలు వాడటం వెనక్కి నడవడమేనని అభియోగం. తకెమిత్సు బయటికొచ్చి, కోప్పడకుండా, ఆ కుర్రాడితో నిలబడి మాట్లాడి వెళ్ళాడు. పదేళ్ళు తిరిగేసరికి కుర్రాడు కూడా సినిమాలకి రాస్తున్నాడు.

'ప్రొఫెసర్' అని ఎందుకంటారు?

ఆయన బ్యాండ్ యెల్లో మ్యాజిక్ ఆర్కెస్ట్రాలో డ్రమ్మర్ యుకిహిరో తకాహాషి పెట్టిన పేరు. ఎమ్మే చదివిన సెషన్ వాయిద్యకారుడు వాళ్ళలో ఇంకెవరూ లేరు మరి. జపాన్‌లో సంగీతం మాట్లాడుకునేచోట 'క్యోజు' అంటే ఇప్పటికీ ఈయనే.

యెల్లో మ్యాజిక్ ఆర్కెస్ట్రా అంటే ఏమిటి?

1978 ఫిబ్రవరిలో బేస్ గిటారిస్టు హరువోమి హొసొనో తన ఇంటికి తకాహాషినీ సకమొతోనీ పిలిచాడు. కొతాత్సు అని, కింద వెచ్చగా ఉండే పొట్టి బల్ల ఉంటుంది జపాన్ ఇళ్ళలో. దానిచుట్టూ కూచుని అన్నం ముద్దలు తింటుండగా హొసొనో ఒక నోటుపుస్తకం తెరిచి ప్లాను చూపించాడు. మార్టిన్ డెన్నీ అనే అమెరికన్ వాయించిన 'ఫైర్‌క్రాకర్' ట్యూన్‌ని సింథసైజర్ డిస్కోగా మార్చాలి, ప్రపంచవ్యాప్తంగా 40 లక్షల కాపీలు అమ్మాలి. డెన్నీది హవాయిలో కూచుని ఊహించుకున్న తూర్పు దేశాల సంగీతం. ఆ ఊహని జపాన్ వాళ్ళే తీసుకుని, కంప్యూటర్లో వేసి, పడమరకి తిరిగి అమ్మడం అన్నమాట. వెక్కిరింతకి వెక్కిరింత, వ్యాపారానికి వ్యాపారం.

ఇప్పుడు ఫోన్లో రెండు నిమిషాల్లో అయ్యే పని అప్పుడు ఎలా చేసేవారో చూడండి. రోలాండ్ కంపెనీ ఎంసీ-8 అనే పెట్టె ఉండేది. దానికి పియానో మెట్లుండవు, అంకెల బటన్లుంటాయి. ప్రతి స్వరానికీ అది ఎంత ఎత్తులో ఉండాలి, తరవాతి స్వరం ఎంతసేపటికి రావాలి, అందులో ఎంతసేపు మోగాలి అనేవి అంకెలుగా కొట్టాలి. ఒక పాటకి వేల అంకెలు. హిదెకి మత్సుతకె అనే ప్రోగ్రామరు కేవలం ఈ పనికోసం బ్యాండ్‌తో ఉండేవాడు, స్టేజీ మీద కూడా. ఆ యంత్రం లయ తప్పదు కాబట్టి డ్రమ్మరే చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని దాని టిక్కుటిక్కుతో కలవాలి. మనిషి తాళానికి యంత్రం కాదు, యంత్రం తాళానికి మనిషి. కచ్చేరీ లోకంలో పెరిగిన చెవికి ఇది అపచారంగా తోచవచ్చు. వాళ్ళకి మాత్రం అదే సరదా.

1979లో వచ్చిన 'సాలిడ్ స్టేట్ సర్వైవర్' ఆల్బమ్‌తో జపాన్‌లో పిల్లల హెయిర్ కటింగులు కూడా మారిపోయాయి. 1980 చివర్లో టోక్యో బుదొకాన్ వేదిక మీద టీఆర్-808 అనే కొత్త డ్రమ్ మెషీన్ వాడారు. ఈనాటి హిప్-హాప్‌లో, మన ర్యాప్ పాటల్లో కడుపులో గుద్దినట్టు మోగే ఆ '808' బేస్ డ్రమ్ ఇదే. దాన్ని జనం ముందుకు తెచ్చిన తొలి బృందాల్లో ఇదొకటి. 1981 ఆల్బమ్‌కి వాళ్ళు పెట్టిన పేరు 'బీజీఎం'. మన కుర్రాళ్ళు 'బీజీఎం కుమ్మేశాడు' అంటారే, ఆ బీజీఎమ్మే. 1983లో బ్యాండ్ ఆపేశారు.

మైకేల్ జాక్సన్ ఈయన పాట పాడాడంటారు. నిజమేనా?

నిజమే, కాకపోతే ఆలస్యంగా బయటపడింది. 'బిహైండ్ ద మాస్క్' ట్యూన్ మొదట సీకో గడియారాల ప్రకటన కోసం పుట్టింది. తరవాత 'సాలిడ్ స్టేట్ సర్వైవర్'లోకి చేరింది. జాక్సన్ ఆల్బమ్‌ల నిర్మాత క్విన్సీ జోన్స్ చెవిన పడి జాక్సన్ దగ్గరికి వెళ్ళింది. జాక్సన్ 'థ్రిల్లర్' రోజుల్లో తన మాటలు కలిపి పాడాడు, కానీ హక్కుల వాటా తేలక పక్కన పెట్టేశారు. 1986లో ఎరిక్ క్లాప్టన్ పాడి విడుదల చేశాడు. జాక్సన్ గొంతుతో లోకం విన్నది ఆయన చనిపోయాక, 2010లో. థ్రిల్లర్‌లో ఆ పాట ఉండుంటే సకమొతో జీవితం ఏమయ్యేదో! బహుశా ఈ పేజీ అవసరం ఉండేది కాదు.

బ్యాండ్‌లో ఉంటూ ప్రయోగాలేం చేశాడు?

పక్కదారిలో చాలానే. 1978లో వచ్చిన తొలి సోలో ఆల్బమ్ 'థౌజండ్ నైవ్స్', గొంతుని యంత్రంలా మార్చే వొకోడర్‌లో నలిగిన గొంతు మావో కవిత చదువుతుండగా మొదలవుతుంది. 1980లో 'బీ-2 యూనిట్' చేశాడు. అందులో 'రయట్ ఇన్ లాగోస్' అనే ముక్క ఉంది. నైజీరియా సంగీతకారుడు ఫెలా కుటీ ఆఫ్రికన్ లయని సింథసైజర్లు నమిలి ఊసినట్టుంటుంది. న్యూయార్క్ హిప్-హాప్ తొలినాళ్ళ డీజేలు దాన్ని ఎత్తుకున్నారు. బ్యాండ్‌లో అందరికీ నచ్చే ట్యూన్లు రాస్తున్న విసుగంతా ఈ ఆల్బమ్ మీద తీర్చుకున్నాడనిపిస్తుంది. నలభై అయిదేళ్ళ తరవాత కూడా దుమ్ము పట్టలేదు.

నటించమని పిలిస్తే సంగీతం ఎలా చేశాడు?

బేరమాడి. నగిస ఒషిమా 1983లో తీసిన 'మెర్రీ క్రిస్మస్, మిస్టర్ లారెన్స్' కథ రెండో ప్రపంచయుద్ధంలో జావాలోని ఒక యుద్ధఖైదీల శిబిరంలో జరుగుతుంది. శిబిరాధికారి యోనోయ్ వేషానికి సకమొతోని అడిగారు. ఎదుట ఖైదీగా బోవీ. సార్జెంటుగా తకెషి కితానో, అప్పటికి జపాన్ టీవీ హాస్యగాడు. అంతకుముందు సకమొతో నటించిందీ లేదు, సినిమాకి సంగీతం చేసిందీ లేదు. 'సంగీతం కూడా ఇస్తే నటిస్తా' అన్నాడు, ఒషిమా సరేనన్నాడు. రషెస్‌లో, అంటే ఎడిట్ చేయని ఫుటేజిలో, తన నటన చూసుకుని సకమొతో బెంబేలెత్తిపోయాడు. నటన తేలిపోయినచోట సంగీతం గట్టిగా ఉండాలనుకున్నానని తరవాత చెప్పుకున్నాడు. అంత అన్యాయమేమీ కాదు గాని, యోనోయ్ కళ్ళకి పెట్టిన ఆ కాటుకలాంటి మేకప్ మాత్రం గుర్తుండిపోతుంది. ఈ సంగీతానికి బ్రిటన్ వాళ్ళ బాఫ్టా వచ్చింది.

ఆ ట్యూన్‌లో అంత ఏముంది?

కుడిచేతి ట్యూన్ ఎక్కువభాగం ఐదు స్వరాల్లోనే తిరుగుతుంది. మోహన రాగం చెవిలో ఉన్నవాళ్ళకి ఎక్కడో విన్నట్టు ఉంటుంది. కానీ ఎడమచేయి మోహనని నిలవనివ్వదు. కింద స్వరగుచ్ఛాలు డెబ్యుసీ మార్గంలో మారుతుంటాయి, అదే స్వరం ఒకసారి ఇల్లు చేరినట్టు, మరుక్షణం పరాయిచోట నిలబడినట్టు వినిపిస్తుంది. పైగా మొదట్లో వచ్చేది పియానో కాదు, గమెలాన్ గంటల్లాంటి సింథసైజర్ శబ్దం. కథ జావాలో కదా. తను రాసింది జపాన్ సంగీతమూ కాకూడదు, ఇండోనేషియాదీ కాకూడదు, అందరికీ పరాయిదిగా ఉండాలన్నది ఆయన లెక్క.

తరవాత నలభై ఏళ్ళు ప్రతి ఊళ్ళోనూ జనం ఇదే అడిగారు. మధ్యలో కొన్నాళ్ళు విసుగొచ్చి వాయించడమే మానేశాడు. మళ్ళీ మొదలుపెట్టాక దాన్ని నెమ్మది చేసుకుంటూ పోయాడు. 1983 రికార్డింగూ 2022 రికార్డింగూ వెంటవెంటనే వినండి. రెండోదాంట్లో స్వరానికీ స్వరానికీ మధ్య ఊపిరి పీల్చుకునేంత చోటుంటుంది.

ఆస్కార్ ఎలా వచ్చింది?

ఇక్కడ కూడా పిలిచింది నటించడానికే. బెర్నార్డో బెర్తొలూచి 1987లో తీసిన 'ద లాస్ట్ ఎంపరర్'లో అమకాసు అనే జపాన్ అధికారి పాత్ర. స్క్రిప్టులో ఆ పాత్ర హరాకిరి చేసుకుని చావాలి. జపానువాడనగానే కడుపు కోసుకోవడమేనా అని సకమొతో అడ్డం తిరిగాడు, చివరికి తుపాకీతో సరిపెట్టారు. షూటింగ్ మధ్యలో పట్టాభిషేకం సీనుకి అక్కడికక్కడ సంగీతం కావాలంటే రాసిచ్చాడు.

అందరూ ఇళ్ళకి పోయిన ఆర్నెల్లకి ఫోనొచ్చింది: మొత్తం సినిమాకి సంగీతం కావాలి, వారంలో. ఆయన బతిమాలి రెండు వారాలు చేయించుకున్నాడు. నిద్ర లేకుండా నలభై పైచిలుకు ముక్కలు రాసి, ఎర్హు లాంటి చైనా తంత్రీవాద్యాల్ని పాశ్చాత్య ఆర్కెస్ట్రాతో కలిపి రికార్డు చేసి ఇచ్చాడు. ఆ తరవాత ఆస్పత్రిలో చేరాడు. తీరా తెరమీద చూస్తే సగం దాకా తీసేశారు, మిగతావి రాసిన చోట కాకుండా వేరే సీన్లకి అతికించారు. కుర్చీలోంచి పడిపోయినంత పనైందట. మన రీ-రికార్డింగ్ థియేటర్లలో పనిచేసినవాళ్ళకి ఈ కథ కొత్తగా అనిపించదు.

1988లో ఆ సినిమాకి వచ్చిన తొమ్మిది ఆస్కార్లలో సంగీతానిది ఒకటి. డేవిడ్ బర్న్, కాంగ్ సు అనే మరో ఇద్దరితో కలిపి ఇచ్చారు. ఒరిజినల్ స్కోర్‌కి ఆస్కార్ అందుకున్న తొలి జపనీయుడు సకమొతోనే.

'నాటు నాటు'కి వచ్చిందీ ఇదే ఆస్కారా?

కాదు. కీరవాణికీ చంద్రబోస్‌కీ వచ్చింది ఒరిజినల్ సాంగ్, అంటే ఒక పాటకి. సకమొతోది ఒరిజినల్ స్కోర్, అంటే మొత్తం నేపథ్య సంగీతానికి. 2009లో రెహమాన్ రెండూ తెచ్చుకున్నాడు. 'నాటు నాటు' గెలిచింది 2023 మార్చి 12న, అమెరికాలో. అదే నెల 28న సకమొతో పోయాడు.

బెర్తొలూచితో మళ్ళీ చేశాడా?

రెండుసార్లు. తిట్టుకుంటూనే చేశాడని నా నమ్మకం.

1990లో 'ద షెల్టరింగ్ స్కై'. రికార్డింగు రోజు నలభైమంది ఆర్కెస్ట్రా వాయిద్యాలు పట్టుకుని సిద్ధంగా కూచున్నారు. ఒక ముక్క విన్నాక బెర్తొలూచికి దాని మొదలు నచ్చలేదు, మార్చమన్నాడు, అదీ అప్పటికప్పుడు. కుదరదని సకమొతో అంటే, 'ఎన్నియో మొరికోనె అయితే చేసేవాడే' అని ఇటలీ సినిమా సంగీత దిగ్గజం పేరు ఎత్తాడట. ఆ ఒక్కమాటతో ఈయన అరగంట అడిగి, అక్కడే కూచుని రాసిచ్చాడు. చూస్తే కొత్తదే బాగుందట. రిచర్డ్ హొరోవిట్జ్‌తో కలిపి ఆ సినిమా సంగీతానికి గోల్డెన్ గ్లోబ్ వచ్చింది. మొరికోనె పేరు ఎత్తి ఉండకపోతే వచ్చేదా?

1993లో 'లిటిల్ బుద్ధ'. మన ఎల్. సుబ్రహ్మణ్యం వయొలిన్ ఇందులో వినిపిస్తుంది. ముగింపు ట్యూన్ దగ్గర మళ్ళీ పేచీ. ఇంకా దుఃఖంగా ఉండాలంటాడు దర్శకుడు, రాస్తాడు. మరీ దుఃఖమైపోయింది, కాస్త ఆశ కావాలంటాడు, మళ్ళీ రాస్తాడు. అలా తిరిగొచ్చిన ట్యూన్లలో ఒకదాన్ని సకమొతో పారేయలేదు. 1994లో సోలో ఆల్బమ్‌లో పెట్టి దానికి 'స్వీట్ రివెంజ్' అని పేరు పెట్టాడు. తీయని పగ! ఆల్బమ్ పేరు కూడా అదే.

మిగతా సినిమాలు?

పెద్రో అల్మొదోవర్, బ్రయన్ డి పాల్మా లాంటి దర్శకులకి చేశాడు. ఒషిమాకి 1999లో మళ్ళీ చేశాడు. వీటిలో నేను మళ్ళీ మళ్ళీ వినేది మాత్రం 2004 నాటి 'టోనీ తకితాని'. ఒక్క పియానో, ఒంటరి మనిషి, గంటా పావు సినిమా. దానికంటే తక్కువ స్వరాలతో సినిమా చేయడం కష్టం.

పియానో వాయించే మనిషి ఆ గీమనే శబ్దాల్లోకి ఎందుకు దిగాడు? అది సంగీతమేనా?

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. అందుకే నెమ్మదిగా చెప్తాను.

1999లో అలసట మందు ప్రకటన కోసం 'ఎనర్జీ ఫ్లో' అనే చిన్న పియానో ముక్క రాశాడు. అది జపాన్ ఓరికాన్ చార్టులో మొదటి స్థానానికి వెళ్ళింది. మాటల్లేని ఒక రికార్డు అక్కడికి వెళ్ళడం అదే మొదటిసారి. ఇంకొకరైతే అలాంటివి పదేళ్ళు రాసుకుంటూ పోయేవాళ్ళు. ఈయన జర్మనీ కళాకారుడు కార్‌స్టెన్ నికొలాయ్‌కి పియానో రికార్డింగులు పంపడం మొదలుపెట్టాడు.

నికొలాయ్ ఆల్వా నోటో పేరుతో పనిచేస్తాడు. ఆయన సరంజామా సైన్ తరంగాలు, అంటే ఏ కల్తీ లేని ఒంటి మోతలు, టెలిఫోన్ లైన్లో చిటపటల్లాంటి క్లిక్కులు. 2002లో వచ్చిన 'వ్రియూన్'లో పియానో ఒక స్వరగుచ్ఛం వాయించి ఆగుతుంది. ఆ మోత పూర్తిగా ఆరిపోకముందే నికొలాయ్ దాని తోకని పట్టుకుని సాగదీస్తాడు, ముక్కలు చేస్తాడు. పియానోకి ఒక పుట్టు లోపం ఉంది. మెట్టు నొక్కిన క్షణం నుంచీ శబ్దం చావడమే మొదలవుతుంది, వయొలిన్‌లా, గొంతులా నిలబెట్టలేం. ఆరిపోని పియానో కావాలన్నది సకమొతో చిరకాల కోరిక. ఆ గీమనే శబ్దం ఆ కోరికకి వచ్చిన జవాబుల్లో ఒకటి. తంబురా శ్రుతి వింటూ పెరిగిన మనకి ఈ కోరిక అర్థం కావడం కష్టం కాకూడదు.

కలిసి ఐదు ఆల్బమ్‌లు చేశారు. అందులో నేర్చుకున్నదంతా 2015లో 'ద రెవెనెంట్' సినిమాలోకి వచ్చింది.

మరి 'ద రెవెనెంట్' సంగీతానికి ఆస్కార్ నామినేషన్ ఎందుకు రాలేదు?

నిబంధనల వల్ల. 2014లో సకమొతోకి గొంతు క్యాన్సర్ బయటపడి పని ఆపేశాడు. చికిత్స నుంచి పూర్తిగా తేరుకోకముందే దర్శకుడు ఇన్యారితు నుంచి పిలుపొచ్చింది. ఇన్యారితు అంతకుముందే 2006లో 'బేబెల్' ముగింపుకి సకమొతో పాత ట్యూన్ 'బిబో నో అవొజోరా' వాడుకున్నాడు. సకమొతో కాదనలేక ఒప్పుకుని నికొలాయ్‌ని తోడు తెచ్చుకున్నాడు. బ్రైస్ డెస్నర్ అనే మరో స్వరకర్త కూడా కొంత రాశాడు. ఇంతమంది పని కలిసి ఉంది కాబట్టి పోటీకి అర్హత లేదని అకాడమీ తేల్చింది.

ఆ సినిమాలో డికాప్రియో మంచులో పాక్కుంటూ పోయేచోట వినండి. తంత్రులు రెండు స్వరాలు లాగి ఆగుతాయి. ఆ తరవాతి మౌనంలో మోగేది గాలా, సింథసైజరా, మనిషి ఊపిరా చెప్పలేం.

సునామీ పియానో అంటే?

2011 మార్చి 11న ఈశాన్య జపాన్‌ని ముంచిన సునామీలో మియాగి ప్రాంతంలోని ఒక వ్యవసాయ పాఠశాల పియానో నీళ్ళలో తేలింది. తరవాత సకమొతో వెళ్ళి దాన్ని చూశాడు. కొన్ని మెట్లు లేవవు, కొన్ని తంత్రులు వదులై మూలుగుతాయి, చెక్కమీద నీటి గీత కనిపిస్తుంది. మొదట దాన్ని శవంలా చూశానని ఆయనే చెప్పాడు. కొన్నాళ్ళకి ఆ మోత అందంగా వినపడసాగింది.

'కోడా'లో ఆయన వివరణ ఇది. పియానో అంటే చెక్కని నెలల తరబడి ఒత్తిపట్టి వంచడం, ఇనప చట్రం మీద టన్నుల బిగువుతో తీగలు లాగడం. అది నిలవదు, వదులవుతుంది. దాన్ని మనం 'శ్రుతి తప్పింది' అంటాం. ప్రకృతి వైపు నుంచి చూస్తే చెక్కా ఇనుమూ తమ స్థితికి తిరిగిపోతున్నాయి, అంతే. సునామీ ఆ పనిని ఒక్క రోజులో చేసింది. ఆ స్వరాల్ని 2017 ఆల్బమ్ 'ఎసింక్'లో వాడాడు. తరవాత షిరో తకతాని అనే కళాకారుడితో కలిసి ఆ పియానోనే ఒక ప్రదర్శనగా మార్చాడు.

'ఎసింక్' ఎలా వినాలి?

హెడ్‌ఫోన్లతో, రాత్రి, వేరే పని పెట్టుకోకుండా. పేరుకి అర్థం ఒకదానితో ఒకటి కలవకపోవడం. అన్నీ తాళంలో కలవాలనే పట్టుదల లేని సంగీతం. రష్యా దర్శకుడు తార్కోవ్‌స్కీ తీయని సినిమాకి సంగీతం ఊహించుకుని రాశానన్నాడు. 'ఫుల్‌మూన్' అనే ముక్కలో 'షెల్టరింగ్ స్కై' నవల రాసిన పాల్ బౌల్స్ గొంతు వస్తుంది. అది ఆ సినిమాలోంచి తెచ్చిందే: ఇంకా ఎన్నిసార్లు నిండు చంద్రుణ్ణి చూస్తావు, బహుశా ఇరవై సార్లేనేమో, అయినా అన్నీ అంతులేనివిగా తోస్తాయి. తరవాత అవే మాటలు వేర్వేరు భాషల్లో వేర్వేరు గొంతులు చెబుతాయి. క్యాన్సర్ తరవాత చేసిన తొలి సోలో ఆల్బమ్ ఇదని తెలిసి వింటే ఆ ఇరవై అనే అంకె దగ్గర మనసు ఆగిపోతుంది.

రాజకీయాల్లో వేలు పెట్టేవాడా?

పెట్టేవాడు, దాచలేదు. 2007లో అడవుల కోసం 'మోర్ ట్రీస్' సంస్థ మొదలుపెట్టాడు. 2011 ఫుకుషిమా అణు ప్రమాదం తరవాత అణు విద్యుత్తుకి వ్యతిరేకంగా నిలబడ్డాడు. 2012లో యొయోగి పార్కు సభలో, కేవలం కరెంటు కోసం ప్రాణాలు పణంగా పెట్టాలా అన్నాడు. జీవితమంతా సింథసైజర్ల మీద బతికినవాడు 'కేవలం కరెంటు' అంటాడా అని వెక్కిరించారు. వెక్కిరింతలో పస లేకపోలేదు. అదే ఏడాది ఆ ఉద్యమం కోసం జర్మనీ ఎలక్ట్రానిక్ బృందం క్రాఫ్ట్‌వర్క్‌నీ తన పాత బ్యాండ్‌నీ ఒకే వేదిక ఎక్కించాడు, అదీ అంతా కరెంటే. చనిపోయే నెలలో కూడా టోక్యోలో జింగూ గైయెన్ చెట్లు కొట్టొద్దని గవర్నర్‌కి ఉత్తరం రాశాడు.

హోటల్లో పాటలు మార్పించాడన్న కథ నిజమేనా?

నిజమే. మన్‌హాటన్‌లో ఒక జపనీస్ శాకాహార రెస్టారెంటుకి తరచు వెళ్ళేవాడు. వంట దేవుడి ప్రసాదంలా ఉండేది, వెనక మోగే పాటలు మాత్రం భరించలేకపోయాడు. ఇంటికెళ్ళి చెఫ్‌కి మెయిల్ రాశాడు: నీ వంటంటే గౌరవం, నీ పాటలంటే అసహ్యం, నేనే ఏర్చి ఇస్తాను. డబ్బు తీసుకోకుండా గంటల కొద్దీ జాబితా చేసిచ్చాడు. తన సంగీతం అందులో పెట్టుకోలేదు. గోడల రంగుకి ఏది సరిపోతుందో కూడా చూసుకున్నాడట. ఆస్కార్ వచ్చినా బీజీఎం చేయడం మానలేదన్నమాట.

చివరి రోజుల్లో ఏం చేశాడు?

2021లో పేగు క్యాన్సర్ సంగతి బయటపెట్టాడు. ఆపరేషన్ల మధ్య, ఒంట్లో ఓపిక ఉన్న రోజుల్లో, డైరీ రాసుకున్నట్టు పియానో మీదా సింథసైజర్ మీదా చిన్న ముక్కలు రికార్డు చేసుకున్నాడు. వాటిల్లో పన్నెండింటిని '12' పేరుతో 2023 జనవరి 17న, తన పుట్టినరోజున విడుదల చేశాడు. ముక్కలకి పేర్లుండవు, రికార్డు చేసిన తేదీలే. కొన్నిచోట్ల ఆయన ఊపిరి బరువుగా వినపడుతుంది. తీసేయడం స్టూడియోలో పెద్ద పనేమీ కాదు, తీయలేదు.

ఆ ఆల్బమ్‌కి ఆరు రోజుల ముందే తకాహాషి పోయాడు. దర్శకుడు కొరె-ఎద సినిమా 'మాన్‌స్టర్'కి సకమొతో మొత్తం సంగీతం చేసే శక్తి లేదని చెప్పి, రెండు కొత్త పియానో ముక్కలు పంపాడు. మిగతావి పాతవాటిలోంచి వాడుకోమన్నాడు. సినిమా మేలో కాన్ ఉత్సవంలో వచ్చేసరికి ఆయన లేడు.

ఎక్కడ మొదలుపెట్టాలి?

ట్యూన్ ఉండాలనుకునేవాళ్ళు 'మెర్రీ క్రిస్మస్, మిస్టర్ లారెన్స్', 'బిబో నో అవొజోరా'తో. కాళ్ళు కదలాలనుకునేవాళ్ళు 'రయట్ ఇన్ లాగోస్'తో. 'వ్రియూన్' మొదటిరోజే పెట్టకండి, ఇంట్లోవాళ్ళు స్పీకర్ పాడైందనుకుంటారు.

ఓపిక ఉంటే 'ఓపస్' చూడండి. 2022 సెప్టెంబర్‌లో, టోక్యోలో జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే వాళ్ళ 509 స్టూడియోలో, కొడుకు నియో సొరా నలుపు తెలుపులో తీసిన సినిమా. మాటల్లేవు, ప్రేక్షకుల్లేరు. ఒక మనిషి, ఒక పియానో, ఇరవై ముక్కలు. ఒకచోట వాయిస్తూ తప్పి, మళ్ళీ మొదలుపెడతాడు. ముక్క అయిపోయాక చెయ్యి గాల్లోనే ఉంచి, మోత ఆరేదాకా వింటాడు. పెడల్ మీద కాలు లేస్తే చెక్క కిర్రుమనడం కూడా వినిపిస్తుంది. చివరి ముక్కకి కుర్చీ ఖాళీ. మెట్లు మాత్రం వాటంతటవే కిందికీ పైకీ కదులుతుంటాయి.